వెలిగించే ముందు ఒక్కసారి

"అమ్మా, వెలిగించే ముందు ఒక్కసారి ఆవం లోపల చూడనిస్తావా?"

గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన్ని ఆమె ఎగాదిగా చూసింది. ఎదురుగా ఉన్న లాండ్రీ పైగదిలో కొత్తగా అద్దెకు దిగిన మనిషి.

"లోపల ఏముంటుంది పెద్దాయనా? నిన్న సాయంత్రం నేనే సర్దాను. అన్నీ కాల్చాల్సిన మట్టి కప్పులే."

"కప్పులే అయ్యుంటాయి. అయినా ఒక్కసారి."

పోనీలే, పెద్దవాడు, ముచ్చటపడుతున్నాడు అనుకుని ఆవం తలుపు తీసింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, కింది అర వెనక దాకా చూశాడు. చెయ్యి పెట్టి మూలమూలా తడిమాడు. ఏమీ లేదు.

"ఇక వెలిగించుకో తల్లీ" అని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ నెల ఆమెకు తల గోక్కోడానికి కూడా తీరిక లేదు. ఒక పక్క హోటల్ వాళ్లకి నాలుగు వందల కప్పులు. ఇంకో పక్క బామ్మ.

బామ్మ అంటే పిల్లి. పదిహేడేళ్లది. చెవులు వినపడవు. మ్యావ్ అనడానికి గొంతు పెగలదు. కిడ్నీలు సగం పాడయ్యాయని డాక్టరు ఎప్పుడో చెప్పాడు.

మూడు గంటలకోసారి దానికి మందు పట్టాలి. కుమ్మరి సారె ఆపి, మట్టి చేతులు కడుక్కుని, ఒళ్లో పెట్టుకుని, నోట్లో చుక్కలు వేసి తిరిగొచ్చేసరికి చేస్తున్న కప్పు వాలిపోయి ఉండేది. మళ్లీ మొదటికి.

"ఎందుకే ఈ యాతన? ఒక్క ఇంజెక్షన్ చేయించేస్తే దానికీ సుఖం, నీకూ సుఖం" అంది లాండ్రీ అక్క.

"నీకు రాదా అక్కా ముసలితనం?"

అక్క మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అమ్మ చనిపోయిన ఏడాది దొరికిన పిల్లి అది. ఆమె కోసం ఎదురుచూసే ప్రాణి ఇంట్లో ఇంకొకటి లేదు. ఈ ఒక్క చలికాలం దాన్ని గట్టెక్కిస్తే చాలనుకుంది. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

రెండోసారి ఆవం పేర్చినప్పుడూ ముసలాయన వచ్చాడు.

"లోపల దయ్యాలేమైనా ఉంటాయనా మీ అనుమానం?" నవ్వుతూ అడిగింది.

"అలవాటమ్మా" అన్నాడు. నవ్వలేదు.

మూడోసారి ఆయన మోచెయ్యి తగిలి అర ఒరిగింది. పాతిక కప్పులు నేలపాలయ్యాయి. రెండు రోజుల పని.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"తాతకు దగ్గులు నేర్పినట్టుంది మీ వరస. పదేళ్లుగా కాలుస్తున్నాను, నాకు మీరు చెప్పాలా? ఇంకోసారి గేటు లోపల అడుగు పెట్టకండి."

ఆయన వంగి ముక్కలన్నీ ఏరి మూలన పెట్టాడు.

"తప్పయింది తల్లీ. నన్ను రానివ్వకపోయినా ఫరవాలేదు. నువ్వు మాత్రం చూసుకో."

"చూసుకుంటాను, వెళ్లండి."

చివరి వంద కప్పులకి గడువు ముంచుకొచ్చింది. చలి కూడా ముదిరింది. ముందు కాల్చిన ఆవం పూర్తిగా చల్లారలేదు, ఇటుకలు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. ఆగే తీరిక లేక ఆ సాయంత్రమే పేర్చేసింది. పచ్చి కప్పులు ఆరతాయని తలుపు జానెడు తీసి ఉంచింది.

పొద్దున లేచి వచ్చేసరికి సారె పక్కనుండే బుట్టలో బామ్మ లేదు. మట్టి బస్తాల వెనక ముడుచుకుని ఉంటుంది, మందు వేళకి చూద్దాంలే అనుకుంది.

ఆవం తలుపు మూసి, గ్యాసు తిప్పి వెలిగించింది.

గేటు ఊచలు పట్టుకుని ముసలాయన నిలబడి ఉన్నాడు.

"లోపల చూశావా తల్లీ?"

"చూశాను" అంది తిరిగి చూడకుండా.

చూడలేదు.

పదింటికి మందు సీసా పట్టుకుని బస్తాల వెనక చూసింది. బల్ల కింద చూసింది. వీధిలో వెతికింది. లాండ్రీ అక్క ఇస్త్రీ ఆపి మరీ వెతికింది.

"ఎక్కడికి పోతుందే? నాలుగడుగులు వేస్తే ఆయాసపడే పిల్లి."

అప్పుడు ఆమె ఆవం వైపు చూసింది. వేడి చూపే మీటరు ఏడు వందల డిగ్రీలు దాటింది.

గ్యాసు ఎలా కట్టేసిందో ఆమెకే తెలియదు. అంత వేడి మీద తలుపు తెరవడానికి లేదు. రెండు రోజులు ఆగాలి. ఆ రెండు రోజులూ తిండీ నీళ్లూ లేకుండా దాని ముందే కూర్చుంది.

తెరిచింది. కింది అర వెనక చూసింది.

హోటల్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఎత్తలేదు. పెరట్లో చిన్న గొయ్యి తవ్వి, పూడ్చి, చేతులు కడుక్కోకుండానే లాండ్రీ మెట్లెక్కింది. అబద్ధం చెప్పానని ఆ పెద్దాయన ముందు ఒప్పుకోవాలి. కాళ్లు పట్టుకుని ఏడవాలి.

పైగదికి తాళం వేసి ఉంది.

"ఖాళీ చేశాడే" కింద నుంచి అక్క చెప్పింది. "నువ్వు పిల్లి కోసం వెతుకుతున్న రోజే. పొయ్యిలూ ఆవాలూ లేని వీధి ఏదైనా చూసుకుంటానన్నాడు."

"ఎక్కడికెళ్లాడు?"

"చెప్పలేదు. నేను అడగలేదు."

ఆమె మెట్ల మీదే కూలబడింది.

"ఆయనకెలా తెలుసు అక్కా? బామ్మ లోపలికి వెళ్తుందని ఆయనకి ముందే ఎలా తెలుసు?"

అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి, ఆమె పక్కనే కూర్చుంది.

"పిల్లి సంగతి ఆయనకేం తెలుసే? వెళ్తూ చెప్పాడు, ఒకప్పుడు పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ వెలిగించేవాడట. ఓ చలికాలం పొద్దున, నాన్న కోసం వచ్చిన నాలుగేళ్ల కూతురు వెచ్చగా ఉందని లోపలికెళ్లి పడుకుంటే, చూసుకోకుండా వెలిగించాడట."