మొత్తం అని రాయి

"మొత్తం తీసెయ్యుండ్రి డాక్టరమ్మా" అన్నాడు నర్సింగం. "సగం సగం పని నాకొద్దు."

"గడ్డ నాది, రొమ్ము నాది. ముచ్చట మాత్రం ఈయనది" అంది మంచం మీద కూర్చున్న ఐలవ్వ. "ఇంట్ల పప్పుల ఉప్పెంతెయ్యాల్నో నన్నడుగుతడు. గిది మాత్రం అడుగడు."

డాక్టర్ సుభాషిణికి నవ్వు రాబోయి ఆగింది. పెళ్లయి రెండు నెలలే అయిన ఆమెకు ఏ మొగుడూపెళ్లాలు పోట్లాడుకున్నా ముచ్చటగానే ఉంటోంది. కానీ గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. పదకొండుకు ఆపరేషన్. ఐలవ్వ కుడి రొమ్ములో ఉన్నది క్యాన్సరేనని పరీక్షలో తేలిపోయింది. ఏ ఆపరేషనో కాగితం మీద రాసి, కింద భర్త చేత వేలిముద్ర వేయించనిదే ఆ ఆసుపత్రిలో థియేటర్ తలుపు తెరవరు.

"మళ్లీ చెబుతాను, వినండి. గడ్డ రేగుపండంతే ఉంది. చంకలోకి పాకినట్టు లేదు. గడ్డనూ, దాని చుట్టూ కాస్త కండనూ, ముందుజాగ్రత్తగా చంకలోని గ్రంథులనూ తీస్తాను. రొమ్ము నిలుస్తుంది. తర్వాత హైదరాబాదులో ఆరు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టించుకోవాలి. నేను బొంబాయిలో నేర్చుకున్నదే ఇది. బయటి దేశాల్లో కొన్నేళ్లుగా చేస్తున్నారు."

"ఈడ అందరికి మొత్తమే తీస్తరట గదా?"

"ఇన్నాళ్లూ అంతే."

"గడ్డ వరకే తీస్తే మళ్ల రాదని రాసిస్తవా?"

"రాసివ్వలేను" అంది సుభాషిణి. "మొత్తం తీసినా రాసివ్వలేను. ఇంత చిన్న గడ్డకు రెండు దారులూ ఇంచుమించు ఒకటేనని ఇప్పటిదాకా కనిపిస్తోంది."

"కనవడుతున్నదా? గంతేనా?" నర్సింగం గదిలో అటూ ఇటూ తిరిగాడు. "మా బొగ్గు బాయిల నిప్పు లేస్తే ఏం జేస్తరో ఎరుకేనా డాక్టరమ్మా? మంట కనవడ్డ కాడికి ఆర్పి ఇంటికి రారు. ఆ తావంత గోడలు గట్టి మూసేస్తరు. బొగ్గు పోతే పోనీ అంటరు. ఎందుకు? నిప్పు లోపల్లోపల నడుస్తది. ఎనకకెల్లి అచ్చి మనుషుల్ని మింగుతది."

"కప్పు కూలకుండా మధ్యమధ్య బొగ్గునే పిల్లర్లుగా వదిలి తవ్వుతారు కదా?" అంది సుభాషిణి.

"పిల్లర్ల నిప్పు లేదు గదమ్మా!"



"బావా" అంది ఐలవ్వ మెల్లగా. "అద్దం ముంగట నిలవడితే నాకు నేను నిండుగ కనవడాలె. గదే అడుగుతున్న."

"అద్దం పలగ్గొడత. నాకు నువ్వు గావాలె."

"నేనంటే ఏంది? కోసి పక్కకు పెట్టంగ మిగిలిందా?"

"ఊకో పిల్లా! నువ్వు లేని ఇంట్లకు నేను డ్యూటీ దిగి ఎట్ల రావాలె? తాళం తీసుకొని ఒక్కణ్ణే..." గోడ వైపు తిరిగాడు. అటే చూస్తూ అన్నాడు. "రాయి డాక్టరమ్మా. మొత్తం అని రాయి."

నర్సు తలుపు తోసి, థియేటర్ సిద్ధమని చెప్పి వెళ్లిపోయింది. పావు తక్కువ పదకొండు.

సుభాషిణి ఐలవ్వను చూసింది. ఇందాకటి ఎత్తిపొడుపులు ఆగిపోయాయి. ఎవరో లాక్కుపోతారన్నట్టు ఐలవ్వ కొంగును కుడివైపుకు గట్టిగా కప్పుకుంది. ఇక చేసేదేమీ లేక డాక్టరు పెన్ను తీసింది. 12-2-1979 అని తారీఖు వేసింది. 'కుడి రొమ్మును పూర్తిగా తొలగించుటకు సమ్మతి' అని రాసింది. ఆ ఒక్క ముక్క రాయడానికి చాలాసేపు పట్టింది. సిరా డబ్బా మూత తీసి బల్ల మీద ముందుకు జరిపింది.

నర్సింగం వచ్చి ఎడమ చెయ్యి చాపాడు. పట్టుకోబోయిన సుభాషిణి ఆగిపోయింది. చూపుడు వేలు, మధ్య వేలు లేవు. బొటనవేలు ఉంది గానీ దానికి గోరు లేదు. వంకర తిరిగి, మొదలు నుంచి కొసదాకా కుట్ల గుర్తులతో ఉంది.

"ఇదెప్పుడు?"

"నాలుగేండ్లాయె. పట్టాల మీద రెండు బొగ్గు టబ్బుల నడుమ వడ్డది." తనే సిరాలో వేలు అద్దుకున్నాడు. "ఏడ ఎయ్యాలె?"

"డాక్టరమ్మా" అంది ఐలవ్వ, మొగుడి వైపు చూడకుండా. "ఆనాడు ఈయనకు సోయి లేదు. మణికట్టు దాకా చెయ్యి తీసెయ్యాలె, లేకుంటే విషమెక్కి మనిషి దక్కడు అన్నడు అప్పుడు చేర్చిన దవాఖాన డాక్టరు. వేలెయ్యుమని కాయితం నా ముంగట వెట్టిండు."

సిరా వేలు కాగితానికి జానెడు ఎత్తున ఆగింది. నర్సింగం ఆ మాట వినడం అదే మొదలు.

"నాకెన్నడు చెప్పకపోతివి?"

"ఏం జెప్పాలె? నీ లెక్కనే భయంతోటి సగం సచ్చిన. మూడు దినాలు నీ ముక్కుకాడ చెయ్యి వెట్టుకొని కూసున్న."

"మరి కాయితం?"

"ఎయ్యలే. చితికిన కాడికే తీసి, మిగిలింది కుట్టుండ్రి అన్న." ఐలవ్వ ఇప్పుడు తలెత్తి సూటిగా అతణ్ణి చూసింది. "ఏసుంటే, ఇయ్యాల నా మీద ముద్రేసేటందుకు నీకా వేలే ఉండకపోతుండె బావా."