బర్చ్ చెట్టు అలక

అలేఖ్య ఇడ్లీ పళ్ళేలకు నెయ్యి రాస్తుండగా అడవి కబుర్లు చేరవేసే వంటగది గోడ మెల్లగా గొంతు విప్పింది. "అడవి మిమ్మల్ని ఒప్పుకుంది. ఇక ఈ ఇల్లు మీదే."

వాళ్ళు కొత్తగా వచ్చిన ఆ ఇంగ్లాండు పల్లె చుట్టూ ఉన్నది రక్షిత అరణ్యం. చెట్లకు మాటా, ఓటూ వచ్చినప్పటి నుంచి అవి సరేనంటే తప్ప అక్కడ ఎవరూ కాపురం పెట్టడానికి వీల్లేదు. అలేఖ్య నేతి చేతులతోనే కొత్త మొగుణ్ణి చుట్టేసింది.

"మొన్న ఆ ముసలి ఓక్ చెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టాను కదా శశాంక్, అదే పనిచేసింది," అంది గుసగుసగా. ఆ ఊళ్ళో గొంతు పెంచితే పిట్టలు ఫిర్యాదు చేస్తాయి.

గోడ మళ్ళీ దగ్గింది. "చిన్న సవరణ. బర్చ్ చెట్టు తన ఓటు వెనక్కి తీసుకుంది. ఓక్‌కు బొట్టు పెట్టి, పక్కనే ఉన్న తనను పలకరించనైనా లేదట. మిగతా చెట్లూ బర్చ్ వైపే మొగ్గుతున్నాయి. ఇల్లు మీకు దక్కేలా లేదు."

శశాంక్ తల పట్టుకున్నాడు. "అచ్చం మా పెద్దత్తే. మన పెళ్ళికొచ్చి, ఎదురెళ్ళి పిలవలేదని కారే దిగలేదు."

"మరెలా దించారు?"

"అమ్మ వెళ్ళి బొట్టు పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది."

కిటికీలోంచి కనుచూపు మేరా చెట్లే. భయపడాల్సిన అలేఖ్యకు నవ్వొచ్చింది. అడవికి వినపడేలా కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

"రేపు పొద్దున్నే కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరుతున్నాం. ముందు బర్చ్ అత్తయ్యకు, తర్వాత వరసగా అందరికీ. పొదలక్కూడా శశాంక్. వాటిని వదిలేస్తే మళ్ళీ అదో గొడవ."