పోయిన ఫైలు

ఫోనెత్తగానే ఒక లాయరమ్మ గొంతు. “బాబూ, నా కొంప మునిగింది! పొద్దుట్నుంచీ టైపు చేసిన దావా మొత్తం మాయమైపోయింది. ఇవాళే కోర్టులో వెయ్యాలి. ఇదేం సాఫ్ట్‌వేరో నాకు తెలీదు, తెర మీద సాయానికని నంబరుంటే చేశాను.”

మాది ఓపెన్ సోర్స్ కంపెనీ. టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చేస్తాం. ఎవరైనా ఇరుక్కుంటే ఫోనెత్తేది నేను.

“కంగారు పడకండి మేడమ్. పైన గడియారం బొమ్మతో ఒక బటన్ కనిపిస్తోందా?”

“ముందు నా కళ్లద్దాలు కనిపించాలిగా!”

కళ్లద్దాలు నెత్తిమీదే దొరికాయి. గడియారం కూడా దొరికింది. నొక్కమన్నాను.

“వచ్చేసింది! నీ కడుపు చల్లగుండా! ఇంత మంచి బటన్ ఎవరు పెట్టారయ్యా?”

“మేమేనండీ,” అన్నాను, కాస్త ఛాతీ విరుచుకుని. “అంతా ఉందో లేదో ఒకసారి చదివి చూసుకోండి.”

ఆవిడ గడగడా చదవసాగింది. “పోయిన ఫైలును ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చే బటన్ మీద పేటెంటు మా క్లయింటుది. అనుమతి లేకుండా దాన్ని తమ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, అందరికీ ఉచితంగా పంచుతున్న ప్రతివాది కంపెనీ వెంటనే ఆ బటన్ తీసేయాలి...”

చదువు మధ్యలో ఆగిపోయింది.

“బాబూ, మీ కంపెనీ పేరేమిటన్నావు?”

“నేనింకా అనలేదండీ. మీ కాగితంలో ఉన్న పేరే అనుకుంటా.”

ఆవిడ గొంతు బాగా తగ్గించి అడిగింది:

“మరి, దీన్ని మళ్లీ పోగొట్టే బటన్ ఎక్కడుంది నాయనా?”