ఇచ్చినంత వజన్

ఆ పొద్దు దాజీ పేట్ మీద ఆకాశం గంజి పెట్టి ఆరేసిన పంచెలా తెల్లగా, బిర్రుగా ఉంది. రాత్రి రైలుకు బొంబాయి నుంచి వచ్చి, స్టేషను బజారు మీదుగా ఇల్లు చేరిన సిద్ధరాములు వాకిట్లో కాళ్లు కడుక్కోబోతే, అతని చేతిలో చెంబు పెళ్లాం చంద్రభాగ లాక్కుంది.

"ముందుగాల కాంటెక్కు."

"అరే, ఇంట్లకన్న రానియ్యవా?"

"ఎక్కినంకనే ఇల్లు."

ఆమె మొండితనం ఊరికే కాదు. మొగుడు ఊపిరితిత్తుల జబ్బు నుంచి లేచి ఏడాది తిరగలేదు. వజన్ మీద, ఒంటి బరువు మీద కన్నేసి ఉంచమనీ, అది దిగిందంటే జబ్బు మళ్లీ లేచినట్టేననీ డాక్టరు ఆమెతో చెప్పాడు. సముద్రం గాలి మంచిదని, గోవా ఓడలో వంట చేసే ఆమె తమ్ముడు దత్తాత్రి బావను వెంట తీసుకుపోయాడు. పంపేముందు చంద్రభాగ మొగుణ్ని సేఠ్ గోదాములో నూలు తూచే పెద్ద కాంటా మీద కూర్చోబెట్టింది. ఆనాడు సరిపోయిన తూకపు రాళ్లన్నిటికీ సున్నం బొట్లు పెట్టింది. సేఠ్ నేతగాళ్లకు నూలు ఇచ్చినట్టు తూచి ఇస్తున్నాననీ, బట్ట తీసుకున్నట్టు తూచే తీసుకుంటాననీ తమ్ముడికి గట్టిగా చెప్పింది.

ఆ రోజుల్లో పేటంతా మగ్గాల మోతే. ఎదుటి మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గరికి పోవాల్సిందే. గోదాములో కాంటా దగ్గర మాత్రం గుసగుస కూడా వినబడేది. రాళ్లు ఎత్తేవాళ్లు, బట్ట తెచ్చినవాళ్లు అందరూ అక్కడికి వచ్చేసరికి మాట తగ్గించేవాళ్లు.

మొగుడూ పెళ్లాలు గోదాముకు పోయేసరికి, తూకం వేసే యాదగిరి సిద్ధరాములు అంగీ చెయ్యి పట్టి చెంపకు ఆనించుకున్నాడు. బరువు పెరగాలని నీళ్లు చిలకరించి తెచ్చిన బట్టను అట్లాగే కనిపెట్టేవాడు.

"నీళ్ల మీద తిరిగొచ్చిండు గదా వదినె, తడి పట్టిండేమో అని. పొడిగనే ఉన్నడు," అన్నాడు.

అందరూ నవ్వారు. యాదగిరి బొట్ల రాళ్లు ఒక పళ్లెంలో పేర్చాడు. సిద్ధరాములు సంచి కింద పెట్టి రెండో పళ్లెంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

రాళ్ల పళ్లెం నేల విడవలేదు. సిద్ధరాములు పళ్లెం గాలిలోనే ఊగింది.

యాదగిరి ముల్లు వంక చూశాడు, తాడు సవరించాడు, మళ్లీ చూశాడు. చంద్రభాగ కొంగు నడుముకు బిగించి, సేఠ్ అడిగినట్టే అడిగింది.

"ఇచ్చింది అంత. వచ్చింది ఇంత. మిగిలిందేది?"

బట్ట తూకం తగ్గిన ప్రతి నేతగానికీ అక్కడ ఎదురయ్యే మాట అది. అప్పుడు వాడు ఇంట్లో దాచిపెట్టిన తెగిన పోగుల మూట తెచ్చి బట్ట మీద పెడతాడు. దానితో పళ్లేలు సమమైతే ఇంక ఎవరికీ నోరు లేదు.

సిద్ధరాములు పళ్లెంలోంచి వంగి సంచి అందుకున్నాడు. మందపాటి తువ్వాలలో కట్టిన మూట ఒకటి తీశాడు.

"ఇగో, తెగిన పోగులు," అన్నాడు.

కొస విప్పితే బూందీ లడ్డూలు. దత్తాత్రి పూటపూటకూ పళ్లెం పక్కన లడ్డూలు పెట్టేవాడట. ఎటు చూసినా నీళ్లేనట, తన మనిషన్నది కంటికి ఆనదట.

"నువ్వు లేంది గొంతు దిగలే. అన్నీ నీకే దాసిన," అన్నాడు తల దించుకుని.

మూట ఒళ్లో పెట్టుకున్నాడు. పళ్లెం మెల్లగా దిగింది, సమానమైంది, ఇంకాస్త దిగి నిలిచింది.

గోదాములో ఉన్నవాళ్లంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. బీడీల గంప పక్కన నిలబడ్డ పోచమ్మ, తన మొగుడు పండరిపురం పోయొస్తే సంచినిండా మాసిన బట్టలే తెచ్చేవాడని కళ్లొత్తుకుంది. మాల్ పూరా వచ్చింది వదినె, ఇచ్చినదానికన్నా ఎక్కువే వచ్చిందని యాదగిరి తీర్పు చెప్పి, ఒక లడ్డూకు చెయ్యి చాచాడు. సిద్ధరాములు మూట గుండెకు హత్తుకున్నాడు.

"ముందు మార్కండేయ దేవునికి చూపెట్టాలె," అన్నాడు.

ఇంటికి నడుస్తూ సముద్రం సంగతి చెప్పాడు. "మన చిన్నప్పుడు భవాని పేట్ గల్లీల పొద్దుగాల పడుగు పరిచేటోళ్లు గదా, అట్లనే ఉంటది. ఈ కొస కనవడది, ఆ కొస కనవడది."

ఆ పడుగుల కింద నుంచి దూరి పరుగెత్తి పెద్దవాళ్లతో దెబ్బలు తిన్న రోజులు చంద్రభాగకు కళ్ల ముందు ఆడాయి. ఒకసారి ఇద్దరూ ఒకే పడుగు కింద దొరికిపోయారు. గంజి వాసన ఇప్పుడూ ముక్కుకు తగిలినట్టైంది. సిద్ధరాములు నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు. కథ మంచిగా చెప్పడానికి ఆగుతున్నాడనుకుంది.

దేవుడి పటం ముందు మూట పెట్టి, రొట్టెలు కాల్చింది. ఒకరికెదురుగా ఒకరు కూర్చున్నారు. జొన్నరొట్టె, పల్లీల పొడి, చెరొక లడ్డూ. పక్కింటి మగ్గం టకటకా ఆడుతోంది.

చంద్రభాగ లడ్డూ చిదిమింది. వేళ్లు ఒక్క క్షణం ఆగిపోయాయి. తల ఎత్తకుండా సగం మొగుడి పళ్లెంలో వేసి, సగం నోట్లో పెట్టుకుంది.

ఎన్నడో దత్తాత్రి ఓడ మీద పెట్టిన లడ్డూ లోపల ఇంకా వెచ్చగా ఉంది.