మొహాన కొట్టిన రాజీనామా

నిరుద్యోగ భృతి ఆఫీసు కౌంటర్‌లో ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "ఉద్యోగం మీరే మానేశారా? వాళ్లు తీసేశారా?"

ఈ ప్రశ్నకి ఇంట్లో నేను చెప్పే గొప్ప కథ ఒకటి ఉంది. రాజీనామా మేనేజరు మొహాన కొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశానని. చెప్పిన ప్రతిసారీ మేనేజరు మొహం ఇంకాస్త పాలిపోయేది. మొన్న భోజనాల దగ్గరైతే పాపం, ఆయన్ని ఏడిపించేశాను కూడా. మా బావమరిది ముద్ద చేతిలోనే పెట్టుకుని, నోరు తెరుచుకుని విన్నాడు.

వాడే ఇప్పుడు నా వెనక నిలబడ్డాడు. తోడొస్తానని పొద్దున్నే తయారయ్యాడు. వాడి ముందు పరువు తీసుకోలేను కదా!

"నేనే మానేశానండీ."

"అయితే నిరుద్యోగ భృతి రాదు. తీసేసినవాళ్లకే ఇస్తాం."

నా పౌరుషం అక్కడికక్కడే నీరుగారిపోయింది. అద్దానికి ఉన్న కంతలో నోరు పెట్టి గొణిగాను.

"వినపడట్లేదు. గట్టిగా చెప్పండి."

"తీసేశారండీ! పని తగ్గిందని మెడపట్టి గెంటేశారు. కాళ్లావేళ్లా పడ్డా వినలేదు!"

హాలంతా నావైపు తిరిగింది. ఆవిడ మాత్రం మొదటిసారి నవ్వింది. "మీకు అర్హత ఉంది. కూర్చోండి."

బతుకుజీవుడా అనుకుంటూ వెనక్కి తిరిగాను. బావమరిది పగలబడి నవ్వుతుంటాడనుకున్నాను. వాడి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. చేతిలో తన పేరు మీద ఇంకో టోకెన్ ఉంది.

"బావా, నువ్వు కొట్టావనే కదా, నిన్న నేనూ మా మేనేజరు మొహాన కొట్టొచ్చాను!"