మీగడ పట్టీ

కోడలు వేసే పట్టీ ఉత్త సాలెగూడేనట, పెద్దావిడ వీపు ఇంకా పచ్చిపుండుగానే ఉందట. పాలబూత్ దగ్గర ఎదురింటావిడ అన్న ఈ మాట కూరగాయల కొట్టు చుట్టి, మంగలి షాపులో కాసేపు కూర్చుని, సాయంత్రానికి మొగుడి నోట కోడలి చెవిన పడింది.

"ఆవిడకెవరు చెప్పారట?" అంది కోడలు చేతులు కడుక్కుంటూ.

"ఇంకెవరు, అమ్మే. మీ కంపెనీ పరువు వీధిన పెడుతోంది."

కోడలు నవ్వు ఆపుకుంది. కంపెనీ పరువుదేముంది, పుండు మానలేదని అత్తగారు నమ్ముతోంది, అది చాలు. నిజానికి పుండు ఎప్పుడో మానిపోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

కాలింది కూతురింట్లో. పొయ్యి కింది అరలో ఏదో వెతుకుతూ పెద్దావిడ వంగి ఉంటే, పైనున్న మరిగే నీళ్లు వీపు మీద ఒలికాయి. గుడ్డ పట్టీ మార్చినప్పుడల్లా అప్పుడప్పుడే పుడుతున్న చర్మం కూడా దాంతోపాటు ఊడొచ్చేది. విసిగిపోయిన డాక్టరు కొత్తరకం పట్టీ రాసిచ్చాడు. అది తయారయ్యే చోటే కోడలి ఉద్యోగం. "మానేదాకా అక్కడుండమ్మా, మానగానే వచ్చి తీసుకుపోతా" అని కూతురు దింపి వెళ్లింది.

కోడలు పనిచేసే గదిలో సూది మొన నుంచి కారే జిగురును కరెంటు లాగుతుంది. అది కంటికి ఆనని దారమై, తిరిగే డోలు మీద చుట్టుకుంటుంది. తల వెంట్రుక దాని పక్కన మోకులా ఉంటుంది. అలా చుట్టగా చుట్టగా పాల మీద మీగడంత పొర తేలుతుంది. దాన్ని పుండు మీద పరిస్తే చర్మం ఆ దారాల్ని పట్టుకుని పాకుతుంది. ఊడదీయనక్కర్లేదు, మెల్లగా ఒంట్లోనే కలిసిపోతుంది. పుండు మానాక ఇక దాంతో పని లేదు. అయినా కోడలు అంచుల్లో కత్తిరించి పారేసే ముక్కలు అడిగి తెచ్చుకుంటోంది.

"రండత్తయ్యా, పట్టీ వేళయింది."

పెద్దావిడ మూలుగుతూ మంచం మీద బోర్లా పడుకుంది. "ఎలా ఉందే?"

"ఇంకా కొంచెం పచ్చిగానే ఉంది."

"ఉండదూ మరి. రాత్రంతా ఒకటే సలుపు." తలగడలో మొహం దూర్చి, "నిన్న ఎక్కడ ఆపాను?" అంది.

"మామయ్యగారు మీమీద అలిగి గొడ్లచావిట్లో పడుకున్నారు."

"ఆఁ. ఆ మనిషి అలిగాడా, దూడ నాకి లేపిందాకా లేవలేదు."

కోడలు తడి వేళ్లతో పొర పరుస్తూ పకపకా నవ్వింది. పెళ్లయిన కొత్తలో ఎదురెదురుగా కూర్చుంటే అత్తాకోడళ్లిద్దరికీ నోట మాట పెగిలేది కాదు. ఫోనులో అయితే తిన్నారా, తిన్నాం. అంతే. బోర్లా పడుకున్న అత్తగారికి మొహం కనబడదు, మాటలు వాటంతటవే వస్తాయి. కోడలికీ అంతే. ఆఫీసులో పడ్డ చివాట్లు, పుట్టింట్లో ఎవరికీ చెప్పుకోని దిగులు, అన్నీ ఆ వీపుకే చెప్పుకుంది. పుండు మానిందంటే ఈ వేళ పోతుంది, ఈ మనిషి పోతుంది.

ఆదివారం పొద్దున ఆడపడుచు దిగింది. చేతిలో ఖాళీ సంచి.

"ఇంకా మానలేదేంటమ్మా? ఎదురింటావిడ ఫోన్ చేసి ఒకటే బాధపడింది. ఏదీ, చూడనీ."

"ముట్టుకోకే, మంట" అని పెద్దావిడ గోడకు జరిగింది.

"వద్దు వదినా, పొర కదిలిపోతుంది" అంది కోడలు.

వదినగారు వినే రకం కాదు. తడి తువ్వాలుతో ఒక్క తుడుపు తుడిచింది. పొర నలుసులు నలుసులుగా రాలింది. కింద నున్నటి చర్మం, కాస్త లేత రంగు, అంతే.

"ఇది మాని ఎన్నాళ్లయిందో." ఆవిడ మరదలి వైపు తిరిగింది. "నీకు తెలీకుండా ఉంటుందా?"

మొగుడు పేపరు దించాడు.

"తెలుసు వదినా. నేనే దాచాను. అత్తయ్య వెళ్లిపోతారని. పాపం ఆవిడకేం తెలీదు, నేను మానలేదంటే మానలేదనుకున్నారు. అనాల్సింది నన్ను అనండి."

పెద్దావిడ మెల్లగా లేచి కూర్చుంది. పైట వీపు మీదికి లాక్కుని, ముందు కూతురినీ, తర్వాత కోడలినీ చూసింది.

"వీపు నాది, మానిన రోజే నాకు తెలుసు."