బుస కొట్టే కారు

"మూడో నోటీసు. చదువుకో," అంటూ మిసెస్ ప్రూయిట్ కాగితాన్ని కారు వైపర్ కింద దూర్చింది. "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యి."

డ్వేన్ గ్రీజు చేతులతోనే చదివాడు. పై వాటాలో ఇంటి ఓనరమ్మ ఆమె, కింది వాటాలో అద్దెకి అతను. టొలీడో ఊరంతా గాలించినా గ్యారేజీ ఉన్న వాటా ఇంకోటి దొరకదు. అది లేకపోతే ఈ కారూ లేదు.

"ఇంకా బుస ఏంటండీ? రెండు వారాల కిందటే మానిపించేశాను కదా!"

"ఏం మానిపించావు? పొద్దున ఏడింటికి బుస్సుమంది. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ బుస్సుమంది. హాల్లో కూర్చుని కుట్టుకుంటుంటే వంటింటి కిటికీ వైపునుంచి వచ్చింది, సూది వేలికి గుచ్చుకుంది."

"రెండింటికి నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. కారూ అక్కడే ఉంది!"

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

ఆమె విసవిసా మెట్లెక్కిపోయింది. డ్వేన్ చేతిలోని రెంచి నేలకేసి కొట్టాడు. అది వెళ్ళి, అప్పుడే లోపలికొస్తున్న లోనీ బూటుకి తగిలింది. లోనీ అతని స్నేహితుడు, మెకానిక్.

"నన్నెందుకు కొడతావురా? మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. కాలు యాక్సిలరేటర్ మీంచి తీయగానే టర్బో ఫ్యాను ఇంజన్‌లోకి ఊదిన గాలి ఎటో అటు పోవాలి. గొట్టం పెట్టి మళ్ళీ ఇంజన్ వైపే తిప్పితే కిక్కురుమనదు. నువ్వు ఆ గొట్టం పీకి వీధిలోకి వదిలావు. దేనికీ? ఆ బుస చప్పుడు సరదాకి!"

"అది అప్పుడు."

"ఇంజన్ కొలిచి పీల్చిన గాలిని పారబోస్తే దాని లెక్క తప్పదూ? ప్రతి సిగ్నల్ దగ్గరా కారు ఆగిపోయి, నాచేత తోయించలేదూ?"

"గొట్టం మళ్ళీ పెట్టేశాను కదరా బాబూ!"

"సరిగ్గా బిగించి ఉండవు. నీ బిగింపులు నాకు తెలీవా?"

ఇద్దరూ కలిసి గొట్టం విప్పి, కొత్త పట్టీతో బిగించారు. పంపుతో గాలి కొట్టి, అతుకులన్నిటి మీదా సబ్బునీళ్ళు చల్లారు. ఒక్క బుడగ లేవలేదు. కారుని వీధిలో మూడుసార్లు తిప్పారు. గేరు మార్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి విన్నారు. ఏమీ లేదు.

"మరి ఆవిడకేం వినపడుతోందిరా?" అన్నాడు డ్వేన్, జుట్టు పీక్కుంటూ.

"వెళ్ళి ఆవిణ్ణే అడుగు. నేను రాను. పోయినసారి నా బూట్లు విప్పించింది."

డ్వేన్ పైకెళ్ళి తలుపు కొట్టాడు. ఆమె వంటింట్లోకి రానిచ్చింది గానీ కూర్చోమనలేదు.

"ఇవిగో తాళాలు. మీ దగ్గరే ఉంచుకోండి. వారం రోజులు బస్సులో పోతాను. ఈ వారంలో ఒక్క బుస వినపడితే, మీరు చెప్పక్కర్లేదు, నేనే సామాను సర్దుకుంటాను."

ఆమె నమ్మకం లేకుండానే తాళాలు అందుకుని, ఏప్రన్ జేబులో వేసుకుంది.

బుస్స్!

"చూశావా! చూశావా!" ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. డ్వేన్ ఆమె వెనకాలే పరుగెత్తాడు.

కింద గ్యారేజీ ముందు కారు బానెట్ తెరిచే ఉంది. ఇంజన్ ఆగి ఉంది. మెట్ల మీద కూర్చుని సాండ్‌విచ్ తింటున్న లోనీ తలెత్తి, "నేను కాదు," అన్నాడు.

వాళ్ళ వెనక, ఫ్రిజ్ పక్కనున్న పంజరంలోంచి, ఆమె పెంపుడు చిలక మెడ సాచి మళ్ళీ బుస్సుమంది.